పన్నెండు నెలల కోతలు

కృష్ణా పశ్చిమ డెల్టాలో వరికోతలు కార్తికమున మొదలై సంక్రాంతి నాటికి ముగియును. కోతమిషన్లు వచ్చిన దారినే వెళ్ళిపోవును, గట్లమీద గడ్డివాములు మిగులును, రైతు అప్పుల చిట్టా ముందు వేసికొని కూర్చుండును. అయితే తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో ఎండనక వాననక, కాలువకు నీరు వదలినను వదలకున్నను, ఏడాది పొడుగునను సాగుచుండు కోతలు వేరే యున్నవి. వీనికి మిషనక్కరలేదు, కూలి యక్కరలేదు. ఎముక లేని నాలుక యొక్కటి చాలును. ఈ పంటకు దోమపోటు లేదు, తుపాను భయము లేదు, గిట్టుబాటు ధర లేదను ఫిర్యాదు ఇంతవరకు నెవ్వరి నోటను వినబడలేదు.

ఇంత దిగుబడి యున్నను, ఈ మూడు పట్టణములలో కాగడా పెట్టి వెదకినను 'నేను అబద్ధమాడితిని' అని చెప్పువాడొక్కడును దొరకడు. ఒకడు మాటవరసకన్నాడు, ఒకడు లౌక్యముగా చెప్పినాడు, ఒకడు అప్పటికి సర్ది చెప్పినాడు, ఒకడు కొంచెము పెంచి చెప్పినాడు, ఇంకొకడు నోరు జారినాడు, జారిన నోటినే దబాయింపుతో నిలువబెట్టినాడు. కల్ల, బొంకు, దబ్బర, హుళక్కి, అనృతము అని మన పూర్వులు మొగమాటము లేక పేర్లు పెట్టిన సరకంతయు అంగడి నుండి మాయమైనట్లే తోచును గాని, సంచి విప్పి చూచిన సరకు సరకుగానే యున్నది, పైనంటించిన చీటీ మాత్రము మారినది. ఆ చీటీలు మారుటలో నొక క్రమము కలదు. కూలివాడు చెప్పిన అబద్ధమును అబద్ధమే యందురు, కోపము వచ్చిన మోసమందురు. వానికంటె నొక మెట్టు పైనున్నవాడు చెప్పిన అది కోత. దుకాణదారుడు చెప్పిన వ్యాపారము. పెండ్లిపెద్ద చెప్పిన లౌక్యము. అధికారి వ్రాసిన నివేదిక. నాయకుడు చెప్పిన హామీ. ఆ హామీ గడువు తీరిన పిమ్మట నా నాయకుడే మరల చెప్పినది వివరణ. అబద్ధమనిన నాకు పెద్ద కంటగింపు లేదు. అదియే లేని లోకమున పెండ్లిళ్ళు జరుగవు, కవిసమ్మేళనములు ముగియవు. నా కంటగింపంతయు, ఆ మాటను బీదవాని నెత్తిన మిగిల్చి, తక్కిన వారందరును మర్యాదగల మారుపేర్లు పంచుకొనుటను గూర్చియే.

శాస్త్రప్రమాణము చూపక మనవారు పాపమునకైనను పూనుకొనరు. వామనుడు మూడడుగుల నేల యడిగిన నాడు శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి, పెండ్లి మాటలలోను, ఆడువారి యెడలను, ప్రాణమునకో ధనమునకో మానమునకో ముప్పు వచ్చినప్పుడును, గోవులను బ్రాహ్మణులను కాపాడవలసినప్పుడును బొంకిన దోషము లేదని బోధించినట్లు భాగవతము చెప్పుచున్నది. బలి ఆ బోధను త్రోసిపుచ్చి పాతాళమునకు పోయెను. మనకు బలి చేసినది జ్ఞప్తి లేదు, శుక్రుడు చెప్పినది కంఠస్థము. ఆ మినహాయింపుల పట్టికను తీరికగా చదివిన వానికి, సత్యమాడుటకు మిగిలిన సందర్భము ఒంటరిగా కూర్చున్న వేళ యొక్కటియే యని తెలియగలదు. ధర్మరాజు రథము నేలకు నాలుగంగుళములు పైన నడచుచుండెననియు, యుద్ధభూమిలో ఏనుగును గూర్చిన ముక్క నొకదానిని శంఖధ్వనుల నడుమ మెల్లగా పలికినందుకే నేలకు దిగెననియు విన్నాము. ఆయన మెల్లగా పలికిన ముక్క నేడు ప్రకటనల యడుగున చీమ తలకాయలంత యక్షరములతో 'షరతులు వర్తించును' అని అచ్చుపడుచున్నది. రథములన్నియు మొదటి నుండియు నేలమీదనే నడుచుచున్నవి గనుక దిగునను భయము లేదు. పైగా వానికి మైకులు కట్టినారు.

ఈ సీమకు సత్యము పరిచయము లేనిదని యెవ్వరనగలరు? ఆంధ్రదేశమును హరిశ్చంద్ర నాటకముతో నేడిపించిన బలిజేపల్లి లక్ష్మీకాంతకవి 1881లో బాపట్ల తాలూకా ఇటికంపాడున జన్మించినవాడు. తిరునాళ్ళలో, శివరాత్రి జాగారములలో, పందిళ్ళ క్రింద, తెల్లవార్లు కన్నార్పక ఆ నాటకమును చూచినారు. కాటిసీనులో నటుడు, కవి జాషువా పద్యములను గూడ చేర్చి రాగము తీయగా, నవి యెవరు వ్రాసినవను విచారణ లేక 'వన్స్‌మోర్' అని కేకలు వేసినారు. హరిశ్చంద్రుడు కన్నీరు తుడుచుకొని, హార్మోనియము వంక నొకసారి చూచి, మరల మొదటి నుండి యేడ్చినాడు. తెల్లవారిన పిమ్మట ప్రేక్షకులు ముఖములు కడిగికొని, కాటాల వద్దకు, కచేరీలకు, అంగళ్ళకు వెళ్ళిరి. సత్యవ్రతమునకు నొక రాత్రి చాలునని వారి లెక్క.

ఆలోచింపగా, ఆ మహారాజునకు కొరతపడినది ధనము గాదు, పదజాలము. విశ్వామిత్రుని బాకీకి నక్షత్రకుడు వెంటబడి పీడించినప్పుడు, 'తమ విజ్ఞప్తి పరిశీలనలో నున్నది. నిధులు విడుదల కాగానే విడతలవారీగా చెల్లింపబడును. ఈ జాప్యమునకు గత పాలకులే బాధ్యులు' అని మూడు ముక్కలు కాగితముమీద వ్రాయించి ముద్ర వేయించి యుండిన, చంద్రమతిని కాశీ అంగడిలో నమ్మవలసిన పని యేమి? లోహితుడు దర్భలకై అడవికి పోవలసిన పని యేమి? వేషము వేసి నమ్మించుటలో గూడ నీతి గలవారు ఈ గడ్డమీద లేకపోలేదు. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు సత్యభామయై జడ విసరిన వేళ, చూడవచ్చిన స్త్రీలే నడక నేర్చుకొనిపోయిరని చెప్పుకొందురు. అయినను ఆయన కరపత్రముమీద తన పురుషనామమును అచ్చు వేయించి మరీ మోసగించినాడు. 1956లో ఆయనకు పద్మశ్రీ యిచ్చిరి. వేషమును వేషమని ముందే చెప్పి వేసినవాడు అటు తరువాత మన ప్రజాజీవితములో నంతగా కానరాడు.

పదజాలము విషయమున ఆలంకారికులు మనకు చేసిన యుపకారమును మరువరాదు. 'అపహ్నుతి' యను నలంకారమొకటి కలదు. ఉన్నదానిని లేదని, దాని స్థానమున మరియొకదానిని నిలుపుట దాని లక్షణము. పదునారవ శతాబ్దిలో అప్పయ్య దీక్షితులు కువలయానందమున దీనిని ఆరు విధములుగా విభజించి చూపినాడు. ఆయన సుందరి ముఖమును, చంద్రుని దృష్టిలో నుంచుకొని వ్రాసినాడు గాని, శాస్త్రమెంత దూరదృష్టి గలదో చూడుడు. 'చంద్రుడు చంద్రుడు కాడు, ఆమె ముఖమే చంద్రుడు' అని ఒకదాని గుణమును దానికి లేదని మరియొకదానిపై నారోపించిన అది పర్యస్తాపహ్నుతి. 'మాది అవినీతి కాదు, అవినీతి యన్న గత ప్రభుత్వముదే' యని తెనాలి గాంధీచౌకులో వినబడునది ఇదియే. నిజము నోటజారిన పిమ్మట వినువాని యనుమానమునకు వెరచి వేరర్థము కల్పించిన ఛేకాపహ్నుతి. విలేకరుల సమావేశములలో దీనికి మూడంతస్తులు కట్టినారు: 'ఆ మాట నేననలేదు, అన్నా ఆ అర్థంలో అనలేదు, ఆ అర్థంలో అన్నా మీ గురించి కాదు, నా మాటల్ని వక్రీకరించారు.' మాట యెంత తిన్ననిదైనను వక్రీకరించువారు కావలయును గదా యని పత్రికలవారు ఓపికగా వ్రాసికొందురు. ఇక నెపము, మిష, వ్యాజము మొదలగు మాటలతో నసలును దాచునది కైతవాపహ్నుతి. సుందరీకరణ నెపమున కాలువగట్టు చెట్లు కూలుటయు, ఆక్రమణల నెపమున గట్టుమీది గుడిసెలు మాత్రమే లేచి, ప్రక్కనున్న మేడలు లేవకుండుటయు దీనికి లక్ష్యములు. తక్కిన మూడింటిని పాఠకులు సాయంకాలపు టీవీ చర్చలో స్వయముగా గుర్తింపవచ్చును.

రాజకీయముల కంటె వివాహములయందు ఈ విద్య ప్రాచీనము, సుకుమారము. వెయ్యి యబద్ధములాడి యైనను ఒక పెండ్లి చేయుమను సామెతను మనవారు కనీస సంఖ్యగా భావించినారు. 1961లో వరకట్న నిషేధ చట్టము వచ్చినది. ఇచ్చుటయు నేరమే, పుచ్చుకొనుటయు నేరమే. ఆ చట్టము అద్భుతముగా పనిచేసినది. నాటి నుండి నేటి వరకు రేపల్లెలో ఏ పెండ్లిచూపులలోను కట్నమను మాటను 'వద్దు' అను మాట తోడు లేక పలుకగా నేను వినలేదు. వరండాలో ఫ్యాను క్రింద పెద్దలు కూర్చున్నారు; పూతరేకులు వచ్చినవి, వానిని వలదన్నవారు రెండేసి తిన్నారు. వరుని తండ్రి చేయి తుడుచుకొని సెలవిచ్చినాడు:

"కట్నం మాట ఎత్తకండి బావగారూ. దేవుడిచ్చింది మాకు చాలు. మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో అది మీ ఇష్టం."

"అంతా అమ్మాయిదేగా బావగారూ. మాకు మాత్రం ఎవరున్నారు?" అని వధువు తండ్రి.

ఈయనకు మరి యిద్దరు కొడుకులున్నారు. వారు లోపల కాఫీలు అందించుచున్నారు.

"మా పెద్దకోడలికి వాళ్ళ నాన్నగారు పసుపుకుంకుమ కింద రెండెకరాల మాగాణి రాశారు. మేం అడగలేదు సుమండీ. ఆయన ముచ్చట ఆయనది. పైగా వాళ్ళు మీ అంత ఉన్నవాళ్ళు కూడా కాదు."

చూచితిరా, ధర ఎంత మృదువుగా చెప్పబడినదో! ఒక్క క్రియాపదమైనను అభ్యర్థనార్థకము కాదు. వాక్యములన్నియు భూతకాలములో, మరియొకరి పెండ్లిని గూర్చినవి. ఏ మేజిస్ట్రేటు ఎదుట నుంచినను నిర్దోషములు. అటు లోపలి గదిలో, "మా అమ్మాయి గట్టిగా మాట్లాడదండీ వదినగారూ" అని తల్లి చెప్పుచుండగా, ఆ అమ్మాయి ఫోనులో హైదరాబాదు కార్యాలయమున నెవరినో గట్టిగానే చీవాట్లు పెట్టుచున్నది. "మా వాడికి ఏ అలవాట్లూ లేవు, కాఫీ కూడా ముట్టడు" అనుమాట విన్నప్పుడెల్ల నాకొక సందేహము: కాఫీ ముట్టనివాడు ఏది ముట్టునో యెవ్వరును ఏల ప్రశ్నింపరు? లాంఛనములు, కానుకలు, ముచ్చట, మర్యాద. ఇవి యన్నియు కలిసి లక్షలలో తేలినవి. ఇందులో అబద్ధమెక్కడ నున్నదో చూపుమని నన్ను నిలదీసిన నేను చూపలేను.

ఇంతవరకు నవ్వుకొన్నాము. ఇక పొలము గట్టుమీదికి రండి.

2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటెను. కోతకు వచ్చిన చేలు ఒరిగిపోయినవి. కోసి పనలమీద నున్న వరి నీట నాని మొలకెత్తినది. అటువంటి వేళ ప్రభుత్వ నిబంధన యొకటి కలదు. నూటికి ముప్పదిమూడు పాళ్ళు నష్టపోయిన చేనికే సాయము. 2015 వరకు ఆ గీత యాభై వద్ద నుండెను. నష్టము ముప్పదిరెండు పాళ్ళని వ్రాసిన రైతు క్షేమముగా నున్నట్లే లెక్క. గట్టుమీద నిలిచి, కంటితో చూచి, ముప్పదిరెండునకు ముప్పదినాలుగునకు నడుమనున్న తేడాను కనిపెట్టు దివ్యదృష్టి నష్టము వ్రాయవచ్చిన చిరుద్యోగికి ఏ ఋషి ప్రసాదించినాడో తెలియదు. అతడు వ్రాసినది అంచనా. అంచనా యను మాట ఎంత సుఖమైనదనగా, అది తప్పైనను అబద్ధము కాజాలదు.

అంతకంటె విశేషము కాగితములో సాగుదారుని పేరు. ఈ డెల్టాలో మాగాణి చాలవరకు కౌలుమీద సాగుచున్న సంగతి ఏ బడిపిల్లవాని నడిగినను చెప్పును. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టము చేసి, కౌలురైతునకు పదునొకండు నెలల ఒప్పందముమీద కార్డు ఇయ్యవలెనన్నారు. ఆ యొప్పందముమీద భూయజమాని సంతకము చేయవలెనన్నారు. సంతకము చేసిన భూమి తరలిపోవునను భయముతో యజమాని చేయడు. ఫలితముగా, డాలస్ నగరమున కారెక్కి కార్యాలయమునకు పోవుచున్న పెద్దమనిషి, అదే యుదయమున వేమూరు మండలమున మోకాటిలోతు బురదలో నాట్లు వేయుచున్నట్లు రికార్డులో నుండును. అణిమాది సిద్ధులను గూర్చి విన్నాము గాని, ఏకకాలమున రెండు ఖండములలో నుండు సిద్ధి రెవెన్యూ శాఖ యొక్కదానికే స్వాధీనము.

తుపాను తరువాత గట్టుమీద జరుగు సంభాషణ యిట్లుండును. "ఈ చేను ఎవరు చేస్తున్నారు?" అని చిరుద్యోగి. కౌలుదారుని చేతిలో ఫోనున్నది. అందులో నిప్పుడే యజమాని మాట్లాడి పెట్టినాడు. "ఆసామిగారే చేస్తున్నారండీ" అని అతడు చెప్పును. "మరి నువ్వెవరివి?" "పనికి వచ్చానండీ." నడుము లోతు నీటిలో పనలు పైకి లాగి చేతులు నానిపోయినవాడు తన పంటను తనది కాదని తన నోటితోనే చెప్పినాడు, చెప్పకున్న మరుసటి యేడు కౌలు దక్కదు. అతడు చెప్పినది శుద్ధాబద్ధము. యజమాని చెప్పించినది జాగ్రత్త. ఉద్యోగి వ్రాసినది రికార్డు. ప్రభుత్వమిచ్చినది సాయము, అది చేరినది డాలస్ వారి బ్యాంకు ఖాతాకు. ఇంతమంది కలసి మోసిన పల్లకిలో దోషమును మోసినవాడు ఒక్కడే. రేపు ఏదేని విచారణ వచ్చిన 'తప్పుడు సమాచారమిచ్చినాడు' అని వ్రాయబడువాడు నతడే.

మిల్లు వద్ద మరియొక ఘట్టము. ధాన్యములో తేమ నూటికి పదునేడు పాళ్ళు మించరాదని కొనుగోలు నియమము. రైతుకేంద్రము మిషను పదునేడే చూపినది. లారీ మిల్లునకు చేరిన పిమ్మట, అచటి గుమాస్తా బస్తాలో చేయి పెట్టి, నాలుగు గింజలు తీసి, ఒకదానిని పంటి క్రింద కొరికి, కనులు అరమూసి, సంగీత సభలో శ్రుతి పట్టువానివలె తల వంచి, "ఇరవై ఉంటుందయ్యా" అనును. "అక్కడ మిషను పదిహేడే చూపించిందండీ." "ఆ మిషను వేరు, ఈ మిషను వేరు." డెబ్బదియైదు కిలోల బస్తాకు ఇన్ని కిలోలని తీసివేతురు, దాని పేరు తరుగు. రైతు బస్తాకు గుప్పెడు తాలు కలిపిన దాని పేరు కల్తీ. అదే బియ్యము పట్టణపు టంగడి చేరునప్పటికి, నిన్న ఆడించినదానికి ఆవిరి పట్టించి పాతబియ్యమందురు. బాపట్ల పరిశోధన కేంద్రము 1986లో విడుదల చేసిన సాంబమసూరి, బీపీటీ యని తన మొదటి మూడక్షరములలోనే పుట్టినయూరు చెప్పుచున్నను, హైదరాబాదు చేరి కర్నూలు బియ్యమగును. బియ్యము గూడ అత్తవారింటికి పోయి ఇంటిపేరు మార్చుకొనుచున్నది గాబోలు!

స్థలముల వ్యాపారమును గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు, కొన్నవారు చెప్పుచునే యున్నారు. 2014 సెప్టెంబరులో రాజధాని విజయవాడ పరిసరములలోనని శాసనసభలో ప్రకటించినదే తడవుగా, తెనాలి చుట్టుప్రక్కల ప్రతి వరిచేనును రాజధానికి కూతవేటు దూరమునకు వచ్చినది. పొలములు నడువవని అంతవరకు నమ్మియుంటిమి. 2019 చివర రాజధాని మూడుగా చీలునన్నప్పుడు బోర్డులమీద రాజధాని చెరగి, సముద్రతీరమో, జాతీయ రహదారియో, వైద్యకళాశాలయో వచ్చినది. 2024లో రాజధాని మరల వచ్చినది. కూతవేటు మాత్రము చెక్కు చెదరలేదు. కూత అమ్మినవానిది, వేటు కొన్నవానిది.

తెనాలి నుండి రేపల్లెకు పోవు బండిలో ఇట్టి విద్యకు ప్రాథమిక తరగతులు నడుచుచుండును. బండి కదలక ముందే, ప్లాట్‌ఫారముమీద మిరపకాయబజ్జీ కొరుకుచు, "వేమూరు దాటేశాన్రా, ఇంకో పావుగంటలో నీ దగ్గరుంటా" అని యొక యువకుడు ఫోనులో చెప్పినాడు. అవతలివాడు "నేనూ స్టేషన్లోనే ఉన్నా బావా" అని యుండును. అతని వెనుక దంతధావనపు చప్పుడు నాకు వినబడినది. ఇద్దరును ఒకరినొకరు మోసగింపలేదు, ఇద్దరికిని సంగతి తెలియును. ఇది క్షంతవ్యము.

క్షంతవ్యము కానిది వేదికలమీది ప్రాచీనత. తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అందురు. ఊరి నడుమ కాలువలు పారుటయు, నాటకములాడుటయు, మంచి యిస్త్రీ చొక్కాలును దీనికి కారణములట. ప్యారిస్ వారు తమ యూరిని ఫ్రెంచి తెనాలి యనకపోవుటకు వారి యజ్ఞానమే కారణము కావలయును. అది ముద్దుపేరు, పోనిండు. తెనాలి రామకృష్ణకవి పేర ప్రతి సభలోను ఆయనను శ్రీకృష్ణదేవరాయల ప్రక్కన కూర్చుండబెట్టి, రాజును తిట్టించి, రాణిని నవ్వించి, గుఱ్ఱముచేత గడ్డము పట్టించి పంపివేయుదురు. ఆ కవి పాండురంగ మాహాత్మ్యమును అంకితము చేసినది విరూరి వేదాద్రికి. 1529లో ముగిసిన రాయల పాలనకు ఆయన తరువాతివాడని పండితులలో పలువురు తేల్చినారు. నిగమశర్మను సృష్టించిన మహాకవిని, కవిత్వము చదువు శ్రమ లేకుండ, పిల్లిని పాలకు భయపడునట్లు చేసిన విదూషకునిగా మార్చి, దానికి 'మన ఊరి ఘనత' యని పేరు పెట్టినాము.

రేపల్లె దారిలోని భట్టిప్రోలు సంగతి మరియు ఘోరము. 1892లో అలెగ్జాండర్ రే అచటి స్తూపమును త్రవ్వి, శాసనములు చెక్కిన రాతి భరిణెలను వెలికి తీసినాడు. బ్యూలర్ వానిని చదివినాడు. దక్షిణాపథపు లిపి చరిత్రలో అవి యమూల్యములు. వాని భాష ప్రాకృతము. అయినను, 2008లో తెలుగునకు ప్రాచీన భాష హోదా వచ్చినప్పటి నుండి, 'మొట్టమొదటి తెలుగు శాసనము మా భట్టిప్రోలులోనే' యని చెప్పు వక్తలు బయలుదేరినారు. అసలు తెలుగు గద్యశాసనము కావలెనన్న కడప జిల్లా కలమళ్ళకు పోవలెను, ఆరవ శతాబ్దికి దిగవలెను; అంత దూరము పోవుటకు వక్తగారికి తీరిక లేదు, ఎనిమిది వందల యేండ్లు వదలుకొనుటకు మనసు రాదు. భరిణెమీద కుబీరక రాజను పేరున్నది, ఆయనను గూర్చి అంతకు మించి దాదాపు ఏమియు లేదు. వేదికమీద మాత్రము ఆ రాజునకు రాజధాని వచ్చినది, సైన్యము వచ్చినది, మాతృభాషాభిమానము వచ్చినది. ఇంకొక రెండు సభలు జరిగిన కులము గూడ రాగలదు. బుద్ధుని ధాతువు లుంచిన భరిణెమీద, అసత్యమాడకుమని పంచశీలములో బోధించిన వాని పేర, మనము చేయుచున్న వ్యవసాయమిది. దీని పేరు భాషాసేవ.

ఇదే తెనాలిలో, హోటళ్ళలో కాఫీ లందించి పొట్టపోసికొన్న తమిళుడొకడు, నటరాజన్ అనువాడు, తెలుగు నేర్చి, శారద యను పేర నవలలు వ్రాసి, 1955లో చిన్నవయసుననే పోయినాడు. ఆయన నవలలలో నొకదాని పేరు 'ఏది సత్యం'. బల్లలు తుడుచుచు, ఊరి పెద్దమనుషుల మాటలు ప్రక్కనుండి విన్నవానికి అట్టి ప్రశ్న పుట్టుట సహజమే. మనము శారదను తలచుకొను సభలకంటె గుఱ్ఱపు గడ్డపు కథ చెప్పుకొను సభలు హెచ్చు.

ఇక చట్టమేమనుచున్నదో చూతము. ఆ వేమూరు కౌలుదారుడు ఏ గట్టు తగాదాలోనో సాక్షిగా తెనాలి కోర్టు బోనెక్కి, ప్రమాణము చేసి, ఆసామి నేర్పిన ముక్కనే మరల చెప్పినాడనుకొందము. 2024 జూలై నుండి అమలులో నున్న భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షను ప్రకారము కూటసాక్ష్యమునకు ఏడేండ్ల వరకు కారాగారము విధింపవచ్చును. ఎన్నికలలో నిలిచిన అభ్యర్థి, తనకు సొంత కారు లేదని, ఇల్లు లేదని, చేతిలో కొద్దిపాటి రొక్కము తప్ప వేరేమియు లేదని ప్రమాణపత్రము దాఖలు చేసి, కంపెనీ పేర నున్న కారులో బావమరిది పేర నున్న మేడకు పోయినాడనుకొందము. అది తప్పని ఋజువైనను, ప్రజాప్రాతినిధ్య చట్టము 125ఏ సెక్షను క్రింద ఆరు మాసముల వరకు శిక్ష, లేదా జరిమానా, లేదా రెండును. ఏడేండ్లకు ఆరు మాసములకు నడుమ నింత అంతరమేల యని నేను ఎరిగిన వృద్ధ న్యాయవాది నొకరిని అడిగితిని. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకొని, చిన్నపిల్లవానికి చెప్పినట్లు చెప్పినారు: "రెండూ ఒకటెట్లా అవుతాయండీ? వాడు చెప్పింది అబద్ధం. ఈయనది వివరాలు వెల్లడించకపోవడం."